నడకకు పనికొచ్చే పాట

ఆ వానాకాలం మా మామయ్య కాళ్లు బాత్రూం తలుపు దగ్గర నేలకి అతుక్కుపోవడం మొదలుపెట్టాయి. హాల్లో ఎలాగోలా నడిచేవారు. తలుపు దగ్గరపడేసరికి ఠక్కున ఆగిపోయేవారు. పైన మనిషి ముందుకు వంగుతూనే ఉంటారు, కింద కాళ్లు మాత్రం కదలవు. మేము పట్టుకోబోతే గుడ్లురిమి చూసేవారు. అలా గోడకి చెయ్యి ఆనించి, తన కాళ్లని తానే నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ నిలబడేవారు. ఒక్కోసారి లోపలికి వెళ్లేసరికే ఆలస్యమైపోయేది. అలాంటప్పుడు మా అత్తయ్య నేల తుడుస్తుంటే, నేను వంటింట్లో గిన్నెల చప్పుడు గట్టిగా చేస్తూ ఉండేదాన్ని.

జబ్బు పేరు పార్కిన్సన్స్ అని అంతకుముందే తెలుసు. చేతులు వణకడం, అక్షరాలు చిన్నవైపోవడం, మొహంలో నవ్వు కనబడకపోవడం, వీటన్నిటికీ అలవాటుపడ్డాం. కాళ్ల సంగతి వేరు. బట్టల మిల్లులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి ఆయన. ఒకరి చేత మంచినీళ్లు తెప్పించుకోవడం కూడా ఆయనకి నామోషీ. కాళ్లు మొదటిసారి మొరాయించిన వారంలోనే భోజనాల దగ్గర ఒక మాట తేల్చి చెప్పారు.

"బాత్రూంకి నా అంతట నేను వెళ్లలేని రోజు నన్ను వృద్ధాశ్రమంలో చేర్చండి. ఈ ఇంట్లో ఎవరి చేతా నేను మోయించుకోను."

ఊరికే అన్న మాట కాదది. ఆటో మాట్లాడుకుని, అత్తయ్యని వెంటబెట్టుకుని వెళ్లి ఆశ్రమం చూసొచ్చారు. కిటికీ పక్క మంచం ఖాళీ అయితే కబురు చెయ్యమన్నారట. అత్తయ్య నడుముకి బెల్టు వేసుకుని తిరిగే మనిషి, ఎత్తాలన్నా ఎత్తలేదు. ఇక ఇంట్లో ఎత్తగలిగినవాడు ఒక్కడే, ఆ ఒక్కడితో మామయ్యకి మాటలు లేవు.

ఆ ఒక్కడు మా ఆయన. డీజే. ఒకప్పుడు అనాలి, న్యాయంగా చెప్పాలంటే. పదేళ్ల కిందట హోటళ్లలో, క్లబ్బుల్లో ఆయన పాటలు పెడితే జనం చెమటలు కక్కుతూ గంతులేసేవాళ్లు. కాలం మారింది, ఆ పాటలు అడిగేవాళ్లు లేకుండా పోయారు. ఇప్పుడు సభలకీ సమావేశాలకీ మైకులు, స్పీకర్లు అద్దెకిస్తారు. అధ్యక్షులవారి ఉపన్యాసం వెనక వరసకి వినబడుతోందా లేదా అని చూసుకోవడమే ఆయన కళ. మాకు పరిచయమైన కొత్తల్లో నన్ను కూర్చోబెట్టి హౌస్, ట్రాన్స్ అనే రెండు రకాల డాన్సు పాటలకి తేడా బోలెడంతసేపు చెప్పారు. నాకు రెండూ ఒకేలా వినిపించాయి. ప్రేమలో ఉన్నాను కాబట్టి తల ఊపాను.

మిల్లులో ఇప్పిస్తానన్న ఉద్యోగం కాదని ఆయన స్పీకర్లు కొన్న రోజున తండ్రీకొడుకులకి చెడింది. "పొద్దంతా మిషన్ల గోల విని కొంపకొస్తే ఇక్కడా మిషన్ల గోలేనా" అన్నారట మామయ్య. "గోలకీ పాటకీ నీకు తేడా తెలియదు" అన్నారట ఈయన. నేను కాపురానికి వచ్చేటప్పటికే ఇద్దరూ ఒకే హాల్లో కూర్చుని ఒకరికొకరు కబుర్లు పంపుకుంటూ ఉండేవారు. అంతకుముందు ఆ కబుర్లు మోసే పని అత్తయ్యది, నేనొచ్చాక నాకు అప్పగించి ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుంది. "వాడికి చెప్పమ్మా, ఫ్యాన్ తగ్గించమని." "నాన్నకి చెప్పు, తగ్గించానని." రెండు కుర్చీల మధ్య ఉన్నది నాలుగడుగులు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత విసుగొచ్చింది, ఆ తర్వాత అదీ పోయింది.

ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. మెదడు పంపే ఆజ్ఞ కాళ్లకి అందడం లేదు, బయట నుంచి లెక్కగా ఒక చప్పుడు వినబడుతూ ఉంటే దాన్ని పట్టుకుని కాళ్లు కదులుతాయి అంది. ఫోన్లో టిక్కు టిక్కుమనే శబ్దం పెట్టింది. నిజంగానే మామయ్య నాలుగు అడుగులు వేశారు. వేసి, ఆగి, ఆ ఫోన్ ఆపించేశారు. తనకి ఇంకెన్ని ఊపిర్లు మిగిలాయో ఎవరో పక్కన కూర్చుని లెక్కపెడుతున్నట్టుందన్నారు. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది.

మా ఆయన స్పీకర్లు పెట్టుకునే వెనక గది తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నారు. ఆమె వెళ్లాక మెల్లగా నా పక్కకొచ్చారు.

"నాన్నకి చెప్పు. లెక్కగా కొట్టే చప్పుడే కావాలంటే నా దగ్గర గదినిండా ఉందని."

మామయ్య కిటికీలోంచి వానవైపు మొహం తిప్పుకున్నారు. "వాడి ముచ్చట కూడా తీరిపోనీ" అన్నారు నాతో.

అలా మొదలైంది మా ఇంట్లో ఆ పాటల పరీక్ష. హాల్లో కుర్చీలన్నీ గోడవారకి జరిపాం. మామయ్యకి ఒక పక్క నేను, ఒక పక్క ఫిజియో అమ్మాయి. మా ఆయన మూలన బల్లమీద లాప్‌టాప్ ముందు. ఎన్నో ఏళ్లుగా మూతపడిన మొహం ఆ రోజు విప్పారింది. ఒక్కో రకం పెట్టే ముందు నాకు చెబుతున్నట్టుగా తండ్రికి ఉపోద్ఘాతం చెప్పేవారు.

మొదట డ్రమ్ అండ్ బేస్. అది పరుగు పాట అనీ, అడుగులు బాగా తెలిసినవాళ్లే దానికి ఆడగలిగేవాళ్లనీ అన్నారు. మామయ్య కాళ్లు దాన్ని అందుకోబోయి టకటకమని చిన్న చిన్న అడుగులేస్తూ ముందుకు తూలాయి. ఇద్దరం పట్టుకోకపోతే ఆ రోజే పడిపోయేవారు. తర్వాత డబ్‌స్టెప్. అది వచ్చిన కొత్తల్లో కుర్రకారుకి ఇంకేదీ పట్టేది కాదట, వెర్రెత్తిపోయేవాళ్లట, ఆ మోజు ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానూ పోయిందట. అందులో బీట్ ఎక్కడో దూరదూరంగా పడుతుంది, మధ్యలో ఏదో గుర్రుమంటూ ఉంటుంది. మామయ్య కాలు ఎత్తారు, ఎప్పుడు దించాలో తెలియక అలాగే ఉంచేశారు.

"వాడికి చెప్పమ్మా, దీని గేర్ పళ్లు అరిగిపోయాయి" అన్నారు.

ఆ మాటకి నేను నవ్వాను. మా ఆయనా నవ్వారు. మామయ్య మొహం ఆ జబ్బులో నవ్వలేదు గానీ, తన మాటకి కొడుకు నవ్వడం ఆయన చూశారని నాకు అర్థమైంది.

ట్రాన్స్ పెడితే అత్తయ్య వంటింట్లోంచి వచ్చి నిలబడింది, బాగుందర్రా అంది. ఆ పాటలకి జనం ఏడ్చేవాళ్లనీ, ఒకరి భుజాలమీద ఒకరు చేతులు వేసుకునేవాళ్లనీ మా ఆయన చెప్పారు. ఎంత బాగున్నా అదీ మామయ్య కాళ్లకి వేగమే. టెక్నోకి మాత్రం ఆయన బాగానే నడిచారు. అటు గోడ దాకా వెళ్లి తిరిగొచ్చారు కూడా. కానీ వచ్చి కూర్చుంటూనే అది అచ్చం తమ మిల్లులో నేత షెడ్డేనని, అందులోంచి రిటైరై బయటపడ్డవాణ్ణి మళ్లీ అందులోకి తోయవద్దని అన్నారు.

చివరికి మిగిలింది హౌస్. అందులో పెద్ద విశేషం ఏమీ లేదు, అదే దాని గొప్ప అన్నారు మా ఆయన. రకరకాల పాటలు వచ్చి పోయినా ఇంటికి తిరిగొచ్చినట్టు జనం చివరికి దానికే వచ్చేవాళ్లట. గొంతులు లేని పాటలు ఏరి, వేగం కాస్త తగ్గించి పెట్టారు. గొంతులున్నవి నెమ్మది చేస్తే పాడేవాళ్లు తాగి పాడుతున్నట్టుంటుందట. మామయ్య లేచారు. మేమిద్దరం చేతులు వదిలేశాం. ఒక్కో బీట్‌కి ఒక్కో అడుగు వేసుకుంటూ హాలు దాటి, బాత్రూం తలుపు దాటి, లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. గడియ పడిన చప్పుడు విని అత్తయ్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది. లోపల్నుంచి మామయ్య గొంతు వినబడింది.

"వాడికి చెప్పు, ఈ మిషన్‌కి నూనె సరిగ్గా పడిందని."

మర్నాడే మా ఆయన బాత్రూం తలుపు మీద ఒక చిన్న స్పీకర్ బిగించారు. మామయ్య కుర్చీ చేతికి ఒక మీట అమర్చారు. అది నొక్కితే పాట మొదలవుతుంది, మళ్లీ నొక్కేదాకా బీట్ తెగకుండా నడుస్తూనే ఉంటుంది. పొద్దున్నే నేను పనిచేసే కళ్లద్దాల షాపుకి బయల్దేరేవేళకి మా ఇల్లు క్లబ్బులా దద్దరిల్లుతూ ఉండేది. పక్కింటావిడ మెట్లమీద ఆపి, మీ ఇంట్లో రోజూ ఏదైనా వేడుకా అని అడిగింది. మా మామయ్య స్నానానికి వెళ్తున్నారని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

ఆ వారాల్లో మా ఇల్లు ఇల్లులా ఉంది. ఆశ్రమం మాట ఎవరూ ఎత్తలేదు. వాళ్ల దగ్గర్నుంచి మంచం ఖాళీ అయిందని ఫోన్ వస్తే, అత్తయ్యే తీసి, ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పి పెట్టేసింది. సాయంత్రాలు మామయ్య కుర్చీలో కూర్చుని, నడక కోసం కాకుండా ఊరికే ఒక పాట పెట్టించుకోవడం మొదలుపెట్టారు. అడగడం నా ద్వారానే. అది ప్రోగ్రెసివ్ హౌస్ అనే రకం. నడక పాటలాంటి బీటే, మీద ఒక రాగం అల్లుకుంటూ పైకి వెళుతుంది. సగం దూరం వెళ్లాక బీట్ పూర్తిగా మాయమైపోతుంది, రాగం ఒక్కటే గాల్లో ఉంటుంది. అలా చాలాసేపు ఉండి, ఇక రాదేమో అనుకున్నప్పుడు బీట్ మళ్లీ వచ్చి పడుతుంది. మధ్యలో మిషన్ ఎందుకాగిందో కనుక్కోమన్నారు మామయ్య మొదటిసారి విన్నప్పుడు. ఆగలేదు, కావాలని ఆపారు, జనం చేతులు పైకెత్తి నిలబడేది అక్కడేనని కబురు వచ్చింది. అందుకే అది వినడానికి మాత్రమే, నడకకి పనికిరాదని మా ఆయన నాకు నొక్కి చెప్పారు. నేను మామయ్యకి నొక్కి చెప్పాను. మరుసటి సాయంత్రం ఆయన మళ్లీ అదే అడిగారు.

వానలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం. నేను సోఫాలో కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. అత్తయ్య టీ పెడుతోంది. మా ఆయన మామయ్య కుర్చీ పక్కనే కింద కూర్చుని వైరు ఏదో అతుకుతున్నారు. ఆ పాట మోగుతోంది. మామయ్య ఉన్నట్టుండి లేచారు. మీట నొక్కలేదు, ఎవరితోనూ చెప్పలేదు. పాట ఎలాగూ మోగుతోంది కదా అనుకున్నారో, ఏమీ అనుకోకుండానే కాళ్లు లేచాయో నాకు తెలియదు. బీట్‌కి తగ్గట్టు అడుగులేసుకుంటూ హాల్లో నడుస్తున్నారు. వెన్ను నిటారుగా ఉంది. ఆ ఏడాది మొత్తంలో అంత బాగా నడవడం నేను చూడలేదు. అత్తయ్య గ్లాసు చేత్తో పట్టుకుని వంటింటి తలుపులో నిలబడిపోయింది. మా ఆయన కూడా లేచి, తండ్రి వెనకాలే చేతికందేంత దూరంలో నిలబడి చూస్తున్నారు.

అప్పుడు ఆయన మొహం మారింది. పాటలో రాబోయేది ఏమిటో మా అందరిలో ఆయన ఒక్కరికే ముందు తెలుసు. చెయ్యి చాస్తే మామయ్య భుజం అందుతుంది. చాచలేదు. గిరుక్కున తిరిగి ఆ మూల లాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తారు.

బీట్ ఆగిపోయింది. రాగం ఒక్కటే మిగిలింది. మామయ్య కాళ్లు ఉన్నచోట ఆగిపోయాయి, మనిషి ఆగలేదు. నేను బట్టలు విసిరేసి లేచాను గానీ సోఫాకీ ఆయనకీ మధ్య హాలంతా ఉంది. ఎడమ పక్కకి పడ్డారు. సరిగ్గా ఆ క్షణానే మా ఆయన ఇంకో పాటలోంచి బీట్ తెచ్చి అందులో కలిపారు. ఎక్కడా అతుకు తెలియకుండా కలిసింది. మామయ్య నేలమీద ఉన్నారు, ఇల్లంతా ఆ బీట్ కొడుతూనే ఉంది. "ఆపరా" అని అత్తయ్య అరిచేదాకా మా ఆయన బల్ల దగ్గరే నిలబడి ఉన్నారు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. ఎముక అతుకుతుంది, ఈ జబ్బుతో ఈ వయసులో నడక మాత్రం మళ్లీ రాదనుకోండి, ఆశ పెట్టుకోవద్దు అన్నాడు డాక్టరు. మెత్తగానే చెప్పాడు గానీ మా అత్తయ్యకి అది మెత్తగా వినబడలేదు. మా ఆయన వరండా బెంచీ మీద నుంచి కదలలేదు. వార్డులోకి రాలేదు. ఏం జరిగిందో తల్లికి తానే చెప్పుకున్నారు. "పట్టుకోగలిగేవాణ్ణమ్మా. చెయ్యి చాస్తే చాలు. పాట సరిచేద్దామని వెళ్లాను" అన్నారు. ఆమె కొడుకు తల నిమరలేదు, తిట్టనూ లేదు. బెల్టు సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు ఆయన మీద కోపం వచ్చింది. జాలి కూడా వచ్చింది, కానీ కోపమే ముందొచ్చింది, ఎక్కువసేపు ఉంది.

మామయ్యకి మత్తు పూర్తిగా దిగాక నన్ను మంచం దగ్గరికి పిలిచారు. వాడు ఎక్కడ అని అడిగారు. బయట కూర్చున్నారని చెప్పాను. గొంతు బాగా సన్నబడిపోయింది, చెవి దగ్గర పెట్టి వినాల్సి వచ్చింది.

"వాడికి చెప్పమ్మా. మిషన్ ఆగితే నేనైనా మిషన్ దగ్గరికే పోయేవాణ్ణి."

వరండాలోకి వెళ్లి, అన్నది అన్నట్టు చెప్పాను. నా జీవితంలో మోసిన కబుర్లన్నిట్లోకీ బరువైనది అదే. మా ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. నేను పక్కన కూర్చున్నాను, చెయ్యి వెయ్యడానికి నాకూ కాస్త సమయం పట్టింది.

ఇంటికి తెచ్చాక మామయ్య తన మాట మీదే నిలబడ్డారు. కాళ్లమీద నిలబడలేని మనిషి మాటమీద మాత్రం రాయిలా నిలబడ్డారు. తండ్రి పనులన్నీ తాను చేస్తానని, అద్దె పనులు మానేస్తానని, బతిమాలుతున్నానని చెప్పమని మా ఆయన నన్ను నాలుగైదుసార్లు పంపారు. మామయ్య ప్రతిసారీ ఒకటే జవాబు. మొదటి రోజే చెప్పాను కదా అని. అత్తయ్య ఏడ్చి చూసింది, అలిగి చూసింది, చివరికి అన్నం మానేసి చూసింది. ఆయన తనూ మానేశారు. తల ప్రాణం తోకకొచ్చింది మా అందరికీ. ఆఖరికి అత్తయ్యే లేచి ఆశ్రమానికి ఫోన్ చేసింది. కిటికీ పక్క మంచం ఇప్పుడు లేదట. తలుపు పక్కది ఉందన్నారు.

వెళ్లే రోజుకి వానలు వెనక్కి తగ్గాయి. ఆశ్రమం బండి వాకిట్లో నిలబడింది. మామయ్యని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, మీద దుప్పటి కప్పాం. మా ఆయన ముందురోజంతా వెనక గదిలోనే ఉన్నారు, తిండికి కూడా బయటికి రాలేదు. ఇప్పుడు చేతిలో ఒక చిన్న ప్లేయర్, చెవులకి పెట్టుకునేవి పట్టుకుని వచ్చి కుర్చీకి కాస్త దూరంలో నిలబడ్డారు. గడ్డం గీసుకోలేదు.

"నాన్నకి చెప్పు. ఆ పాట బాగుచేశాను. బీట్ ఆగే ముక్క మొత్తం కోసేశాను, ఇక ఎక్కడా ఆగదు."

నేను చెప్పేలోపే మామయ్య చెయ్యి చాచారు. వణికే చేతులతో ఆయన పెట్టుకోలేరు కాబట్టి నేనే ఆయన చెవులకి పెట్టి, మీట నొక్కాను. కళ్లు మూసుకుని విన్నారు. బండివాడు ఒకసారి లోపలికి తొంగిచూసి వెళ్లాడు. అత్తయ్య మందుల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడింది. పాట ఎంతసేపు ఉంటుందో నాకు తెలుసు, దాని కంటే చాలా ముందే అయిపోయింది. మామయ్య కళ్లు తెరిచారు. నా వైపు చూడలేదు.

"ఎందుకు కోశావురా? అక్కడే కదా బాగుండేది" అన్నారు.

మా ఆయన అలవాటు ప్రకారం నా వైపు చూశారు, నేనేదో చేరవేస్తానన్నట్టు. నేను వంగి కుర్చీ బ్రేకు తీశాను. వాకిట్లో రెండు మెట్లున్నాయి, కుర్చీ దిగదు. మా ఆయన ముందుకొచ్చి, దుప్పటితో సహా తండ్రిని రెండు చేతుల మీద ఎత్తుకున్నారు. మామయ్య వద్దనలేదు, కళ్లు మాత్రం మూసుకున్నారు. బండిలో పడుకోబెట్టి, తలకింద దిండు సర్దాక, మా ఆయన కిందికి దిగకుండా అక్కడే వంగి నిలబడ్డారు.

"అసలుదే తెస్తాను నాన్నా" అన్నారు.

బండివాడు అప్పటికే ఇంజను స్టార్ట్ చేశాడు. మామయ్య విన్నారో లేదో మా ఇద్దరికీ తెలియలేదు.